జపాను ఆవిడకి అంబలి బుర్ర

అరకు
9-8-2006

అమ్మా, నాకు జొరం తగ్గిపోయింది, బెంగెట్టుకోకు. ధర్మన్నయ్యా, ఈ కార్డు అమ్మకి నిదానంగా చదివి వినిపించు.

మా సొసైటీలో కొండసరుకు ఫొటోలు కంప్యూటర్లో పెడతారు. పైదేశాలోళ్లు చూసి కొంటే పార్సిళ్లు కట్టేది నేనే. మొన్న నా బల్ల మీదున్న అంబలి బుర్ర, అదే అంబలి పోసుకు తాగమని నువ్విచ్చి పంపిన ఆనపబుర్ర, అమ్మకానికే అనుకుని రవిబాబు సారు ఫొటో తీసేశారు. జపానులో ఒకావిడ కొనేసింది. "డబ్బు కట్టేసింది చిట్టీ, పంపకపోతే మన మాట పోతాది" అన్నారు సారు. పెట్టె సిద్ధం చేశాను గానీ బుర్ర అందులో పెట్టడానికి చేతులు రాలేదు. "మా అమ్మమ్మ చేసిన బుర్ర సారూ, మా అమ్మకీ చెయ్యడం వచ్చు, ఉన్నమాట ఆవిడకి రాసెయ్యండి" అన్నాను. సారు ముఖం మాడ్చుకునే రాశారు.

నిన్న జవాబొచ్చింది. "అది అమ్మొద్దని ఆ పిల్లకి చెప్పండి. వాళ్లమ్మ కొత్తది చేసిస్తానంటే ఎన్నాళ్లైనా ఆగుతాను" అని రాసింది. సారు చదివి చెబుతుంటే నాకు ఏడుపొచ్చేసింది.

అటక మీద ఎండిన ఆనపబుర్రల్లో మంచిది తీసి, కాల్చిన ఊచతో అమ్మమ్మ వేసినలాంటి పువ్వులే వెయ్యమ్మా. లోపల గింజ ఒక్కటీ ఉండకూడదు, ఉంటే ఆ దేశంలోకి రానివ్వరు. సంతకొచ్చినప్పుడు నాన్న చేత బేగి పంపు. ఆవు ఈనిందా? నాన్నకి దగ్గు ఎలాగుంది? మామ్మకి నా దండాలు.

పెట్టె మీద పంపినవాళ్ల పేరు రాయాలి. ఈసారి కొర్రా బుద్రి అని నీ పేరే రాస్తాను.

నీ గుంట,
చిట్టి