పలకలు కాగేలోపు

14 జూన్ 2003, శనివారం. పగలంతా దుమ్ముగాలి, సాయంత్రం నాలుగు చినుకులు. పొద్దున రెండు టేప్‌రికార్డర్ల హెడ్లూ స్పిరిటుతో తుడిచాను.

ఉరవకొండలో పెళ్లి మెరవణి. చినుకులకు పలకల తోలు మెత్తబడింది. ఓబులేసన్న మేళం వాటిని మంట దగ్గర కాచుకోవడానికి పోయింది. ఆడేవాళ్లు ఆగిపోయారు. ఆ సందు చూసుకుని నా మైకుసెట్టు బండిలో కొత్త క్యాసెట్ వేశాను. డిస్కో పాట మధ్యలో ఓబులేసన్న పలక దెబ్బను మళ్లీ మళ్లీ అతికించి చేసింది. దెబ్బ రికార్డు చేసుకోనిచ్చాడు కానీ, దాన్ని ఏం చేశానో ఆయన ఇంకా వినలేదు. నచ్చకపోతే చెరిపేస్తానని మాటిచ్చాను. వేరే కాపీ లేదు.

వీధంతా ఎగిరింది. పెళ్లికొడుకు కూడా జీపు దిగాడు. ఓబులేసన్న నా బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా మస్తానూ, ఇది నా దెబ్బే గదా?"

"నీదే అన్నా. బాగలేకుంటే ఇప్పుడే చెరిపేస్తా."

"చెరిపితే చెయ్యి ఇరగ్గొడ్తా! యాడ నేర్చినావప్పా ఇది?"

కాగిన పలక భుజానికి తగిలించుకుని, టేపులోని తనతో తనే పోటీకి దిగాడు. క్యాసెట్ అయిపోయింది. ఆయన ఆపలేదు.

"నీ టేపుకు ఆయాసమొచ్చినట్టుండాదే!" అని అరిచాడు. అందరూ ఈలలు.

డీజే అనే మాట మా వైపు రాకముందు నుంచీ పాటలు అతికిస్తున్నాను. ఇంత సంతోషం ఎప్పుడూ లేదు. ఒకటే దిగులు. క్యాసెట్ ఉంటే చాలు, మేళం ఎందుకని ఎవరైనా అంటే? శింగనమలలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు మేళం లేకుండా నన్నొక్కణ్నే రమ్మని అక్కడే అడిగారు కూడా. వస్తే ఇద్దరం వస్తాం, లేకుంటే లేదన్నాను. సరేనన్నారు.

బ్యాటరీ ఇంకా బండిలోనే ఉంది. దించి ఛార్జింగుకు పెట్టాలి.