అంటించే పొడి

జనవరి 9
చేతుల మీద దద్దుర్లు. ల్యాబ్‌లో గ్లోవ్స్ మార్చాను. తగ్గలేదు.

జనవరి 15
మెడ మీదికి పాకాయి. నాతోపాటే ల్యాబ్‌లో పనిచేసే మా ఆయన బెంచ్ అవతల నుంచి చూసి సబ్బు మార్చమన్నాడు. సబ్బు కాదని ఇద్దరికీ తెలుసు. ఇప్పుడు పని ఆపితే ఎలా? అయిదేళ్లుగా చేస్తున్న మాలిక్యూల్. చిన్న పెప్టైడ్‌కి, అంటే ప్రోటీన్ ముక్కకి, మెరిసే రంగు, అదే డై, తగిలించాలి. అది వెళ్లి కణితికి అతుక్కుంటే, ఆపరేషన్ చేసే సర్జన్‌కి కణితి ఎక్కడితో ఆగిందో వెలుగులో కనిపిస్తుంది. కానీ రెండు రోజుల్లో డై ఊడిపోతోంది. తగిలించే చోటు మార్చి చూడాలి.

జనవరి 22, మధ్యాహ్నం 3
ఆస్పత్రి మంచం మీద రాస్తున్నాను. పొడి తూస్తుంటే గొంతు మూసుకుపోయింది. మా ఆయన నన్నెత్తుకుని మూడంతస్తులు దిగాడట. నాకు గుర్తున్నది మెట్ల మీద ఆయన బూట్ల చప్పుడే.

జనవరి 26
అలర్జీ డాక్టరమ్మ వీపంతా ప్యాచ్‌లు అంటించి తేల్చింది. కప్లింగ్ పొడే. పెప్టైడ్‌కి డైని అంటించేది అదే. దానికి పెప్టైడ్ ఏదో నా చర్మం ఏదో తెలియదు, ఏది దొరికితే దాన్ని పట్టుకుంటుంది. అలా మారిన నా చర్మాన్ని నా ఒళ్లే పరాయిదనుకుంటోంది. కొత్తగా చేరినవాళ్లకి ఈ పాఠం ఎన్నిసార్లు చెప్పానో. మందు లేదా అని అడిగాను. దూరంగా ఉండటమే మందట.

జనవరి 30
పక్క బిల్డింగ్‌లో కుర్చీ ఇచ్చారు. రిపోర్టులు దిద్దుతున్నాను. నా పని మా ఆయనకి అప్పగించారు. నా కోడిగీతల నోట్‌బుక్ చదవగలిగే మగాడు భూమ్మీద తనొక్కడేనని నవ్వించాడు.

ఫిబ్రవరి 6
ఇంట్లోనూ అలర్జీ వచ్చింది. ఆయన వచ్చి పక్కన కూర్చున్న పది నిమిషాలకి. తొడలో ఇంజెక్షన్ పొడిచిందీ ఆయనే.

ఫిబ్రవరి 7
పొడి ఆయన బట్టల మీద ఇంటికొస్తోంది. ల్యాబ్ చొక్కాలన్నీ సంచిలో కట్టి బయట పెట్టాడు.

ఫిబ్రవరి 12
బట్టలు ల్యాబ్‌లోనే వదిలి, తలస్నానం చేసి మరీ వస్తున్నాడు. అయినా ఇంకోసారి వచ్చింది. జుట్టులో ఉందో, గోళ్ల కింద ఉందో, కళ్లజోడు సందులో ఉందో. ఎంత ఉంటుంది? కంటికి ఆననంత. నాకు అంత చాలు. ముందు గదిలో పడుకుంటున్నాడు. తలుపు కింద తడిగుడ్డ పెట్టింది నేనే.

ఫిబ్రవరి 19
ఒకే ఇంట్లో ఉండటం ప్రమాదం అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. సాయంత్రం ఆయన రాజీనామా కాగితం బల్ల మీద పెట్టి, వెనక్కి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు.
"నాకు నువ్వు కావాలి. ఆ మాలిక్యూల్ కాదు."
"అది నాది. నువ్వు వదిలేస్తే దాన్ని ఇంకెవరూ ముట్టుకోరు" అన్నాను.
అబద్ధం కాదు. కాగితాన్ని నిదానంగా చించాను. ఆపుతాడేమోనని చూశాను. ఆపాలంటే దగ్గరికి రావాలి.

ఫిబ్రవరి 21
రెండు వీధుల అవతల గది తీసుకున్నాడు. సూట్‌కేస్ నన్ను సర్దనివ్వలేదు.

మార్చి 18
ఫోన్ చేశాడు. నిలిచింది. ఏడో రోజుకీ డై ఊడలేదు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఫోటో పంపాడు. ఆకుపచ్చగా మెరుస్తున్న చుక్క, పక్కన ఆయన బొటనవేలు. అయిదేళ్లు ఆ చుక్క కోసమే చచ్చాను. వేలినే ఎక్కువసేపు చూశాను.

మార్చి 20
ఇంక ఇంటికొచ్చేస్తాడు. పరుపు ఎండలో వేశాను. దుప్పట్లు ఉతికాను, ఉతికినవే మళ్లీ ఉతికాను.

మార్చి 23, సాయంత్రం 6
పెద్ద జంతువుల మీద పరీక్షకి పది గ్రాములు కావాలట. ఆయన చేస్తే ఇంకో ఆరు నెలలు, అదే పొడితో. కొత్తవాళ్లయితే రెండేళ్లు. ల్యాబ్ వాళ్లకి ఏం చెప్పమంటావని అడిగాడు.
"చెయ్యి" అన్నాను.
సరే అనడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఆలోపు నేను మాట మార్చుకోలేదు.