కొక్కెం కింద మనిషి

ఫిబ్రవరి 10
మా ఆయన నన్ను పట్టించాడు. ఇంకో మాట లేదు, పట్టించాడు.

నేను యార్డులో క్రేన్ ఆపరేటర్ని. ఆయన అదే క్రేన్ కింద రిగ్గర్. కొక్కేనికి లోడ్ తగిలించి నాకు సైగ చేస్తాడు. నిన్న క్యాబిన్‌లో గుండె దడదడలాడి కళ్లు బైర్లు కమ్మాయి. లోడ్ కాస్త ఊగింది. అంతే, ఎవరికీ గీత కూడా పడలేదు. మొగుడు కదా అని ఇంటికొచ్చి చెప్పుకున్నాను. పొద్దున్నే వెళ్లి సూపర్‌వైజర్ చెవిలో ఊదాడు. మధ్యాహ్నానికల్లా నా పర్మిట్ లాక్కున్నారు.

పోయినేడు ఇదే దడకి కాలిలోంచి గుండె దాకా తీగ పంపి ఎబ్లేషన్ చేయించుకున్నప్పుడు, యార్డులో హెర్నియా అని అబద్ధమాడింది ఈయనే. మరి ఇప్పుడేం పుట్టిందని అడిగాను. అప్పుడు లోడ్ ఊగలేదు అన్నాడు. నీ గుండె నీ ఇష్టం, కింద ఉండే తలకాయలు మావి అన్నాడు.

ఇక ఈ మనిషితో మాట్లాడను.

ఫిబ్రవరి 11
మాట్లాడలేదు.

మార్చి 2
సర్జన్ గది. గోడ మీద గుండె బొమ్మ, పక్కనే ఆయన సొంత ఫొటో. రెండూ ఒకే సైజు.

తీగతో చేసింది నిలవలేదు కాబట్టి ఈసారి సర్జరీయే నయమట. గుండె పై గదుల్లో కరెంటు దారి తప్పి తిరుగుతోందట. రెండు వైపులా పక్కటెముకల మధ్య చిన్న చిన్న కోతలు పెట్టి, గీతలు గీసినట్టు కాలుస్తాడట. కాలిన చోట మచ్చ కడుతుంది, మచ్చలోంచి కరెంటు పోదు. రక్తం గడ్డకట్టే మూలకి ఒక క్లిప్పు కూడా పెడతాడట. మళ్లీ క్రేన్ ఎక్కుతానని గ్యారంటీ ఉందా అన్నాను. గ్యారంటీ కుక్కరుకి ఇస్తారమ్మా అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఆయన నవ్వాడు. దాంతో నాకు ఇంకా మండింది.

మార్చి 5, సాయంత్రం
రేపు కోస్తారు. మా ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి అత్తయ్య విసిగిపోయింది. నేనేమన్నా టపా బంట్రోతునా, ఇవాళైనా వాడితో ఒక్క ముక్క మాట్లాడవే అంది. బతికొచ్చాక చూద్దాం అన్నాను. పాపం ఆవిడ ముఖం మాడిపోయింది.

భయంగా ఉంది. ఆయనకి మాత్రం చెప్పను.

మార్చి 11
ఊపిరి పీలిస్తే నొప్పి. దగ్గితే నొప్పి. నవ్వితే కూడా నొప్పేనట, ఆ అవసరం ఎలాగూ లేదు. ఆయన కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఇంటికి పొమ్మని నర్సుతో చెప్పించాను. పోలేదు.

ఏప్రిల్ 2
మళ్లీ వచ్చింది! వంటింట్లో నిలబడి ఉండగా అదే దడ. ఇంత కోత కోయించుకుని!

ఆస్పత్రికి ఫోన్ చేశాను. మొదటి మూడు నెలల్లో వచ్చేది లెక్కలోకి రాదండీ, లోపల ఇంకా మానాలి అంది నర్సు, తాపీగా. లెక్కలోకి రాకపోవడమేమిటి? వాళ్ల గుండె ఇలా కొట్టుకుంటే తెలుస్తుంది లెక్కేమిటో. గరిటె గోడకేసి కొట్టాను. అత్తయ్య దాన్ని తీసి కడిగి పెట్టింది. ఆయనకి చెప్పొద్దన్నాను. చెప్పడానికేముంది, వాడు పక్క గదిలోనే ఉన్నాడు అంది.

మే 14
నా సీట్లో కూర్చున్నవాణ్ని యార్డంతా నత్త అంటోందట. నేనెత్తే దాంట్లో సగం కూడా ఎత్తడట. ఈ కబురు ఆయన అత్తయ్యతో పంపాడు. సంతోషించాను. సంతోషించానని తిరుగు కబురు పంపలేదు.

ఈ మధ్య దడ లేదు. పైకి అనడానికి భయం.

జూన్ 19
ఛాతీకి అంటించిన మానిటర్ తీసి చూశారు. క్లీన్. సర్జన్ సంతకం పెట్టాడు, యార్డు డాక్టరూ పెట్టాడు. సోమవారం నుంచి డ్యూటీ!

మీ ఆవిడ కింద వద్దనుకుంటే వేరే క్రేన్‌కి మారుస్తానన్నాడట సూపర్‌వైజర్. అక్కర్లేదన్నాడట ఈయన. ఎవరడిగారు ఇంత త్యాగం? తలకాయలు, తలకాయలని నన్ను కిందికి దింపిన పెద్దమనిషి, ఇప్పుడు తన తలకాయే తెచ్చి నా కొక్కెం కింద పెడుతున్నాడు. నేను క్షమించేశాననుకుంటున్నాడేమో. ఆ నమ్మకం చూస్తే ఒళ్లు మండిపోతోంది.

జూన్ 22
ఎక్కాను. చేతులు ఏదీ మరిచిపోలేదు. ఆయన సైగ చేస్తాడు, నేను ఎత్తుతాను. ఈ పనిలో మాటలతో పని లేదు, అదొక సుఖం.

జూన్ 24
పైపుల కట్ట గాల్లో ఉండగా గుండె తడబడింది. లేదా నేనే బెదిరాను. కింద ఆయన.

తప్పుకో అని రేడియోలో అరిచాను. నాలుగు నెలల తర్వాత ఆయనతో నా మొదటి మాట. తప్పుకున్నాడు. లోడ్ దించాను, దిగాను, సూపర్‌వైజర్ దగ్గరికి నేనే వెళ్లాను.

జబ్బు తిరగబెట్టిందా, ఊరికే భయపడ్డావా అన్నాడు. తెలియదన్నాను. తెలియనప్పుడు పైన ఉండకూడదన్నాను.

ఆ మాట మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి విన్నాడు. అదే నాకు మండుతోంది.