గొంతు పెద్దదన్న మాటకు జవాబు

వెంకటాచలం,
14 జులై 2025

ఒంగోలులో ఉండే కామాక్షమ్మకు ఆదిశేషమ్మ దీవించి రాయించేది. మేమంతా బాగుండాము. మీ ఇంట్లో అందరూ, పెళ్లిచూపులకొచ్చిన నీ కొడుకు చంద్రమౌళితో సహా, చల్లగా ఉండాల. నాకు అక్షరం రాదు. నేను చెప్తా ఉంటే పక్కింటి వాణి రాస్తా ఉంది. మాట మెత్తన చేయొద్దని దానికి ముందే చెప్పినాను. వయసులో చిన్నదానివి గనక నువ్వనే అంటాను.

మా మనవరాలు ప్రత్యూషను చూసిపోయినాక నువ్వు పంపిన కబురు అందింది. పిల్ల నచ్చిందంట గానీ, ఇంటికొచ్చినోళ్లను చాలాసేపు కూర్చోబెట్టిందంట. గొంతు పెద్దదంట, తగ్గించుకోవాలంట. రైలింజను ఉద్యోగం మానితే ముహూర్తం పెట్టుకుందామంట. దాని అమ్మానాయన మొహమాటంతో ఊరుకున్నారు. నాకా మొహమాటం లేదు.

అది ఎక్కేది బొగ్గింజను కాదమ్మా, మసి పూసుకోడానికి. కరెంటు ఇంజను. అన్ని పెట్టెలనూ ఒక్కటే లాక్కోనిపోతాది. ఆపేటప్పుడు పుట్టే కరెంటును మళ్లా పైతీగకే ఇచ్చేస్తాదంట. మా ఎదురింటామె మాత్రం తీసుకుపోయిన జల్లెడే ఇంకా తిరిగి ఇయ్యలేదు.

గొంతు సంగతి విను. దూరాన సిగ్నలు కనపడతానే మా పిల్ల చెయ్యెత్తి రంగు గట్టిగా చెప్పాల. పక్కనుండే పెద్ద డ్రైవరు మళ్లా అదే చెప్పాల. గొణిగితే వెనకుండే జనం ప్రాణాలమీదికి వస్తాది. ఆ అలవాటుతో, స్కూటరు మీద నన్ను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోతా నడిబజార్లో కూడా గ్రీన్ అని అరుస్తాది. జనం తిరిగి చూస్తారు. వెనక నేను ఇంకా నిటారుగా కూర్చుంటాను.

పిల్లోడు దానికి నచ్చినాడు, దాచను. ఉద్యోగం మాత్రం మానదు. ఇష్టమైతే ఇంజనుతో సహా చేసుకోండి.

ఆ పొద్దు మా ఇంట్లో కాఫీ తాగతా, రైలు ఎంత మెత్తగా ఆగిందో, చేతిలో టీ కూడా తొణకలేదని నువ్వే మెచ్చుకున్నావు. ఆ మాట నేను మరవలేదు.

ఇట్లు,
వేలిముద్ర వేసిన
ఆదిశేషమ్మ

తా.క. ఇది చెప్పొద్దని ప్రత్యూష నా చేత ఒట్టు పెట్టించుకునింది. తప్పతా ఉండాను. ఆ పొద్దు దానికి సెలవే. డ్యూటీకి రావాల్సినాయనకు జొరమొచ్చి దీన్ని పిలిచినారు. మీరు ఒంగోలులో ఎక్కిన బండి ఇంజనులో, పెద్ద డ్రైవరు పక్కన సిగ్నళ్లు చెప్పింది అదే. మిమ్మల్ని నెల్లూరులో దింపి, గూడూరులో బండి అప్పజెప్పి, వెనక్కొచ్చి చీర కట్టుకునేసరికి ఆలస్యమయింది. ఆ మాట వాళ్ల ముందరే చెప్పి ఉండొచ్చు కదా అని అడిగినాను. "నన్ను చూసి ఒప్పుకోవాల అవ్వా, మొహమాటపడి కాదు" అనింది.

నువ్వు తగ్గించుకోమన్న గొంతే, కామాక్షమ్మా, నిన్ను మా ఊరికి క్షేమంగా తెచ్చింది.