చేతులకి విశ్రాంతి దినం

గూళూరులో ఉండే మా అన్న ముత్యాలప్పకి, చింతామణి నుంచి తమ్ముడు మొక్కి రాసేది.

నేను కుస్తీ నేర్చుకునే చిక్కబళ్లాపురం గరిడీ వదిలేసి నాలుగు దినాలాయ. అత్త యశోదమ్మ ఇంట్లో ఉండాను. వస్తాదు నీకు ఏం రాసినా, ముందు నా మాట విను.

చేతిపట్టు పెరగాలంటే దినం మార్చి దినం తడి గోనెసంచి పిండాల, నడుమ దినం చేతులకి విశ్రాంతి ఇయ్యాల అని నేర్పింది ఆయప్పే. మంచి మాటే. అయితే ఆ విశ్రాంతి దినాన పొద్దున నుంచి మధ్యాన్నం దాకా నాతో నూనె పెట్టించి కాళ్లు పిసికించుకుంటాడు. ఆ చెమటా, పగిలిన మడమల కంపూ తలుచుకుంటే ఇప్పుడు గూడా లేచి పోయి చేతులు కడుక్కుంటాను.

"వేళ్లు వాచినాయప్పా, ఈ దినం వద్దు" అని అడిగితే, "గురువు కాళ్లు పిసికేది ఒక పనా? అదే విశ్రాంతి" అన్నాడు.

నంది జాతర కుస్తీలో ఎదుటివాని మణికట్టు పట్టుకుంటే నా వేళ్లు మూసుకోలేదు. ఓడిపోయినాను. వస్తాదు అందరి ముందరా "వీనికి పట్టు లేదు" అని నవ్వి, అక్కడే మళ్లీ కాళ్లు చాపినాడు. నూనె గిన్నె ఆయన పక్కన పెట్టి, "మీరే పిసుక్కోండి" అని చెప్పి బస్సెక్కినాను.

అత్త ఇన్ని దినాలూ నన్ను చెంబు గూడా ఎత్తనీలేదు. ఈ పొద్దు పిడికిలి పూర్తిగా మూసుకునింది. కుస్తీ వదలను. ఆయప్పని క్షమాపణ అడగమని మాత్రం నాకు రాయొద్దు.