ఇంకొక్క వేలుంది

రఘూ,

ఎలా ఉన్నావని అడగబోయి ఆగాను. నువ్వు పోయి ఏడాదీ రెండు నెలలూ అయింది. ఇన్నాళ్ళూ నీకు రాయకపోవడం సంగతులు లేక కాదు. ఒక్క సంగతి ఉంది. అది రాయకుండా మిగతావి రాయడం చేతకాలేదు.

ముందు నీ తోట గురించి చెబుతాను. ఈసారి చిన్నరసాలు విరగకాశాయి. పెద్దరసాల పూత మాత్రం తేనెమంచు పురుగు పాలైంది. కాలవ గట్టున నువ్వూ సత్యం కట్టిన అంటుమొక్కలు నడుం ఎత్తు వచ్చాయి. తోట కౌలుకిచ్చాను. కౌలుదారు మీరిద్దరూ ఉన్న పాక పీకించి రేకుల షెడ్డు వేస్తానంటే వద్దనలేదు. ఆ తాటాకు దడి నా కళ్ళబడకుండా ఉంటే చాలనుకున్నాను.

మొన్న నేను పాఠం చెప్పే కాలేజీకి ఉత్తరం వచ్చింది... కుటుంబ నియంత్రణ ప్రచారం వాళ్ళ దగ్గర్నుంచి. మేడం, అంటే నేను, రాసిన తోలుబొమ్మల హాస్యానికి మంచి పేరొచ్చిందట. అందులోనూ ఐదో భాగానికి. దాన్ని ఈ వేసవిలో మైలవరంలోనూ ఉంగుటూరులోనూ మళ్ళీ ఆడిస్తారట. నేను అనుమతిస్తే సంతోషిస్తారట.

ఐదో భాగం, రఘూ.

మొదటి నాలుగూ నీకెంత నచ్చాయో! ప్రతిసారీ అదే ఇల్లు, అదే నోటిదురుసు పొరుగమ్మ, అవే రెండు మగబొమ్మలు, పొట్టివాడూ పొడుగువాడూ. గంపెడు పిల్లల సంసారాలు చూసి హడలిపోయి పెళ్ళే వద్దనుకుని ఒక్క ఇంట్లో ఉండే బ్రహ్మచారులు. ఒకడు అన్నం మాడుస్తాడు, ఇంకొకడు అలిగి వీధిలో కూర్చుంటాడు. "అక్కా, నీ ఎమ్మే చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చిందే! కాలేజీలో నిద్రపోయేవాళ్ళకి చెప్పేకంటే నయం" అని నన్ను ఏడిపించావు. పక్కన సత్యం నవ్వు దాచుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

ఐదోదానికి వచ్చేసరికి నా దగ్గర సరుకు అయిపోయింది. ఆ ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పెళ్ళి చేసుకుంటే? పిల్లల బెడద లేదు, ఆపరేషన్ భయం లేదు, ప్రభుత్వానికి ఇంతకంటే ఆదర్శ దంపతులు ఎక్కడ దొరుకుతారు? ఈ మాట చెబితే ఆ ప్రచారం ఆఫీసరుగారు కుర్చీలో వెనక్కి పడేంత నవ్వారు. నేనూ నవ్వాను. అందులో అంత నవ్వడానికి ఏముంది అని అప్పుడు నన్ను నేనెందుకు అడగలేదో...

పెళ్ళి అయితే చేశాను గానీ, ఆ తర్వాత వాళ్ళ చేత ఏం చేయించాలో తోచలేదు. ఒంటిమనిషిని, కాపురం లోపల ఏముంటుందో నాకేం తెలుసు? అప్పుడు మీ పాక గుర్తొచ్చింది.

ఇది నీకు చెప్పలేదు. ఆ ఏడు కాయ కోస్తున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం మీకు క్యారేజీ తెచ్చాను. పిలవబోయి దడి దగ్గర ఆగిపోయాను. నీ చెయ్యి సత్యం ఒళ్ళో ఉంది. తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన నీ వేళ్ళ సందులు కాల్చేసింది. ఒక్కో వేలికీ కొబ్బరినూనె రాస్తున్నాడు. నువ్వు కళ్ళు మూసుకుని, మంటకి పళ్ళు బిగబట్టి ఉన్నావు. "ఇంకొక్క వేలుంది, ఏడవకు" అన్నాడు. రాయడం అయ్యాక కూడా ఆ వేలు వదల్లేదు. నువ్వూ తీసుకోలేదు.

నేను వెనక్కి గట్టుదాకా నడిచి, కాసేపు ఆగి, దూరం నుంచే నిన్ను కేకేసుకుంటూ మళ్ళీ వచ్చాను. ఆలస్యమైందేమని నువ్వడిగితే పప్పు ఉడకలేదన్నాను. ఏం చూశానో నాకు తెలుసు. తెలియదనీ అనుకున్నాను. ఒక్క మనసులో ఆ రెండూ ఎలా ఇమిడాయి?

ఆ మాట ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టాను. అది తెర మీద పడితే ఎవరిదో మీకు తెలియదా? అప్పుడు అదొక మంచి ముక్క, అంతే. రాసేవాళ్ళ ఆకలి అలాంటిది కాబోలు.

కోతలయ్యాక మన ఊళ్ళో ఆడారు. పొద్దుగూకి దీపం వెలిగించేసరికి నువ్వూ సత్యం ముందు చాప మీదే ఉన్నారు. పొట్టిబొమ్మ పొడుగుబొమ్మ చెయ్యి పట్టుకుని, "ఇంకొక్క వేలుందే, ఏడవకే నా బంగారు పెళ్ళామా!" అంది. జనం పడి పడి నవ్వారు. వెనకనుంచి ఎవడో "వేలితో సరిపెట్టావేంట్రా!" అని అరిస్తే మళ్ళీ నవ్వు. నువ్వు తెర వంక చూడలేదు. నా వంకా చూడలేదు. సత్యం వంక చూశావు.

ఊళ్ళోకి ఒక రోజు ముందే వచ్చి, టీకొట్టు దగ్గర కూర్చుని ఎవరి సంగతేమిటో ఆరా తీసి హాస్యంలో కలపడం బొమ్మలవాళ్ళకి మామూలే కదా. మర్నాడు నువ్వు అదే అడిగావు. "అక్కా, ఆ నూనె ముక్క నువ్వు రాసిందా, వాళ్ళు కలిపిందా?" నన్ను అనుమానించి అడగలేదు. నీ చూపులో అది లేదు. ఆ చూపు పోగొట్టుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

"వాళ్ళు కలిపిందే" అన్నాను.

"అయితే వాళ్ళకి చెప్పింది వాడే. ఆ మాట మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదే. టీకొట్టులో నలుగురు నవ్వుతారని నన్ను బయటపెట్టాడు."

సత్యం ఒట్టేశాడు. నువ్వు వినలేదు. పది రోజులకి అతను చింతలపూడి, మేనమామ ఇంటికి వెళ్ళిపోయాడు. శ్రావణంలో అతనికి పెళ్ళి చేసేశారు. ఊళ్ళో నిన్ను "బంగారు పెళ్ళామా" అని పిలిచారు. అది నువ్వు పట్టించుకోలేదు. "నవ్వుకోనీ అక్కా, వాళ్ళ నోళ్ళు వాళ్ళవి. వాడు చెప్పకుండా ఉండాల్సింది" అనేవాడివి. ఎన్నిసార్లు అన్నావు! అన్న ప్రతిసారీ నేను చెప్పాల్సింది ఒక్క మాట. అన్నం వడ్డించాక చెబుదాంలే అనుకునేదాన్ని. చెయ్యి కడుక్కున్నాక చెబుదాంలే అనుకునేదాన్ని...

ఇంకొకటి కూడా ఉంది. సత్యం వెళ్ళాక రెండు పూటలా ఇంటికొచ్చి నా దగ్గరే తిన్నావు. నాకది బాగుంది. అది బాగుండడం కోసమే నోరు మూసుకున్నానా? తెలియదు. కాదని చెప్పలేను.

పుష్యంలో పూత మీద పురుగుమందు కొట్టడానికి వెళ్ళావు. కూలిమనిషి పంపు తొక్కుతుంటే గొట్టం నువ్వు పట్టుకున్నావట. ముక్కుకి గుడ్డ లేదట. ఏటా సత్యం తిట్టి మరీ కట్టేవాడు. మర్చిపోయావా? కట్టుకోవాలనిపించలేదా? నువ్వు పోయాక డాక్టరుతో గాలి ఎదురు తిరిగి మందు ఊపిరిలోకి పోయిందని చెప్పాను. అందరికీ అదే చెప్పాను.

ఉత్తరం వచ్చాక చింతలపూడి బస్సెక్కాను. సత్యం భార్య మజ్జిగ ఇచ్చింది. మంచి పిల్ల. "మీరు రాసిన బొమ్మలాట మా పుట్టింటి దగ్గర ఆడారండీ. ఆ నూనె రాసేది చూసి కడుపు నొప్పొచ్చేలా నవ్వామండీ" అంది. సత్యం తల ఎత్తలేదు. బస్టాండుకి నడిచేటప్పుడు అతనికి అంతా చెప్పాను.

"తెలుసండీ అక్కగారూ" అన్నాడు. "ఆ రోజు దడి అవతల క్యారేజీ గిన్నెలు చప్పుడయ్యాయి. మీ చీరంచు కనపడింది. బొమ్మ ఆ మాట అనగానే తెలిసిపోయింది."

మరి రఘుకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నాకు మావయ్యావాళ్ళున్నారు. వాడికి మీరు తప్ప ఎవరున్నారండీ? మీరే చెబుతారనుకున్నా. ఆ పది రోజులూ మీకోసమే చూశా."

తిట్టి ఉంటే బాగుండేది. నన్ను బస్సెక్కించి, ఎండ తగలని వైపు సీటు చూసి కూర్చోబెట్టాడు.

ఐదో భాగం ఆడవద్దని ఆఫీసుకి రాశాను. బొమ్మలాయనకి అది ఎప్పుడో నోటికొచ్చేసిందట, నా కాగితంతో పని లేదట. ఇక అది ఆడుతూనే ఉంటుంది. నువ్వు కళ్ళు మూసుకున్న ఆ మధ్యాహ్నాన్ని చూసి నూరు ఊళ్ళు నవ్వుతాయి.

మైలవరంలో ఆడేనాడు వెళ్ళి, ఆ మాట రాగానే లేచి నిలబడతానని నీకు మాటివ్వబోయాను. ఆ వాక్యం కొట్టేశాను. మనింట్లో, కంచం ముందు, ఒక్క మనిషికి చెప్పలేకపోయినదాన్ని... అంత జనంలో నిలబడతానంటే నువ్వు నమ్ముతావా?

నిజం మాత్రం చెబుతాను, ఎవరూ నవ్వని చోట, ఎవరికీ పనికిరాని వేళకి.

సత్యం ఎక్కడా నోరు జారలేదు రఘూ. మీ మాట బయటపెట్టింది నేను.

అక్క