చక్రం గెంతితే తప్పు కాలిదా?

సెక్టార్-5, భిలాయి
14-11-1983

గౌరవనీయులైన బావగారు రామచంద్రరావు గారికి,

మీ బావమరిది గురుమూర్తి నమస్కారాలు. ఇక్కడ నేనూ, మీ ఇంటావిడా, మీ అమ్మాయీ క్షేమం. విజయనగరంలో మీరు కోపంగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నారని తలుస్తాను. ముందు శుభవార్త రాసేస్తాను, దెబ్బలాట తర్వాత. నిన్న ఆదివారం మీ అమ్మాయి ఛాయ నడిపిన కారు గెంతలేదు. ఇరుసు విరగలేదు. పిల్ల ఒంటి మీద గీత కూడా పడలేదు. దసరా వెళ్ళినప్పటి నుంచీ గుండెల మీద కూర్చున్న బరువు దిగి, రాత్రి ఒళ్ళెరక్కుండా నిద్రపోయాను.

మీ ఉత్తరం అందింది. ఆడపిల్లకి పందెం కారేమిటని, ఇరుసు విరగ్గొట్టి నలుగురిలో నవ్వులపాలయిందని, ఉద్యోగం మానిపించి తల్లితో పంపెయ్యమని రాశారు. మా చెల్లెలు సూర్యావతిని మీరు పంపిందీ అందుకే కదా. ఒక్కటి అడుగుతాను. కారు కింద ఏముందో చూడకుండా, అక్కడ కూర్చుని తీర్పు ఎలా ఇచ్చారు బావగారూ?

ఆ సరదాని నేను వెనకేసుకు రావడం లేదు. పక్కనున్న మరోదా బస్తీలో ఆడవాళ్ళు కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని లైన్లో నిలబడుతుంటే, ఇక్కడ మా ఆఫీసర్లు టైర్లు వేడెక్కాలని తడిపిన సిమెంటు మీద చక్రాలు ఉన్నచోటనే గిరగిరా తిప్పి, రబ్బరు పొగ లేపుతారు. ఇది దండగని క్లబ్బు మైకులోనే అన్నాను, ఇప్పుడూ అంటాను. అయితే దండగ పని చేసే హక్కు కూడా మగాళ్ళకే రాసిచ్చారా? అదీ నా పేచీ.

ఓ పాత కారు చట్రం మీద, ఛాయ గీసిన డ్రాయింగులతోనే మా మోటారు క్లబ్బువాళ్ళు రెండు సీట్ల కారు కట్టారు. ఇంజను బలం పెంచారు. వెనక పట్టీ స్ప్రింగులు మాత్రం పాతవే ఉంచారు. నిలబడ్డ కారుని ఒక్క ఊపులో ఉరికించే పోటీకి ఛాయనే నడపమన్నారు. నందిని అనే ఊరి దగ్గర, విమానాలు దిగే పాత మైదానంలో, సాధనకని ఆ పిల్ల క్లచ్చి వదలగానే వెనక చక్రాలు దడదడా గెంతాయి. ఇరుసు పటుక్కుమంది. కారు అడ్డం తిరిగి గడ్డిలో పడింది.

క్లబ్బు పెద్ద భుజంగరావు శ్రీకాకుళం మనిషి. కారు దగ్గరికి వెళ్ళకుండానే, "ఆడపిల్ల కాలు కదేటి, తడబడిపోనాది" అని తేల్చేశాడు. నిన్నటి ఆదివారానికి పెట్టిన పరీక్షలో మళ్ళీ గెంతిందంటే, కారు క్లబ్బులోనే ఉన్న నరసింగరావుకి ఇచ్చేస్తామన్నాడు. అంటే పిల్లకి అక్కడ కారూ పోతుంది, మీ వల్ల ఉద్యోగమూ పోతుంది. అదీ దాని నెత్తిన వేలాడిన కత్తి.

తర్వాత మా వాళ్ళు చేసిన వైద్యం వినండి. ఉక్కు ఊరి వాళ్ళం కదా, ఏ రోగానికైనా మాకు తెలిసిన మందు ఇనుమే! విరిగిన ఇరుసు మార్చి, స్ప్రింగుకి ఇంకో పట్టీ వేశారు. వెనక ఇనప దిమ్మలు పెట్టారు. టైర్లలో లారీకి కొట్టినట్టు గాలి కొట్టారు. నరసింగరావు నెమ్మదిగా క్లచ్చి వదిలి చూస్తే ఇంకా ఎక్కువ గెంతింది. అప్పుడు మాత్రం ఆయన కాలు తడబడలేదట, రోడ్డు బాగోలేదట! సూర్యావతి అక్కడే ఉంది. "ఏటన్నయ్యా, అది కారా, మేకపిల్లా?" అని గట్టిగానే అంది.

నాకు ఒళ్ళు మండింది. అందరూ పిల్ల కాలు చూస్తున్నారు గానీ చక్రం చూసినవాడు ఒక్కడైనా ఉన్నాడా అని అరిచి, మైదానం పక్కన బోర్లా పడుకున్నాను. "గురుమూర్తి భయ్యా, ఇహా భీ ధర్నా?" ఇక్కడ కూడానా అని, ధర్నాలకి పేరుపడ్డ నన్ను చూసి నవ్వారు. నవ్వనివ్వండి. ఛాయ క్లచ్చి వదిలింది, నేను చూశాను. ఇరుసు ముక్కు పైకెత్తుతోంది. పట్టీ పాములా మెలికపడి, వెంటనే విడిపోయి, మళ్ళీ మెలికపడుతోంది. ఆ విదిలింపుకే చక్రం నేల విడిచి గెంతుతోంది. లేచి దుమ్ము దులుపుకుంటూ చెబితే ఛాయ నుదురు కొట్టుకుంది. "హాయ్ రామ్! ఇత్నీ సీ బాత్! ఇంత చిన్న సంగతా! ఇనుము కాదు మామయ్యా, ఇరుసుని పట్టుకునే చెయ్యి కావాలి" అంది.

దిమ్మలూ, కొత్త పట్టీ పీకించేసింది. స్ప్రింగు ముందు సగాన్ని బిగించి కట్టించింది. ఇరుసు కింద నుంచి ముందుకి చెరో కడ్డీ, దాని కొసన రబ్బరు దిమ్మ. ఇరుసు తలెత్తబోతే రబ్బరు అడ్డుకుంటుంది. అరిగిన షాక్ అబ్జార్బర్లు మార్పించి, టైర్ల గాలి తగ్గించింది. ఒకవేళ గెంతడం మొదలైతే మొండిగా తొక్కకుండా కాలు తీసెయ్యాలని, తొక్కితేనే విరుగుతుందని అందరికీ చెప్పింది.

నిన్న ఛాయ పొగ లేపింది, బయల్దేరే గీత దగ్గరికి వచ్చింది, క్లచ్చి వదిలింది. తాడు లాగినట్టు తిన్నగా పోయింది! నాకు కళ్ళు తడిశాయి. అది రబ్బరు పొగే అనుకోండి.

భుజంగరావు ఓడితే కదా! "ఇప్పుడు పిల్లకి కాలు కుదిరింది, అంతే" అన్నాడు. అయితే కాలే కుదరని మనిషిని కూర్చోబెట్టి చూడండన్నాను. "అలాటోలు దొరికితే తెండి, సూద్దాం" అన్నాడు. దొరికారు. క్లచ్చి ఈ మధ్యే నేర్చుకున్న మనిషి, హెల్మెట్టు పెట్టుకుని ఎక్కారు. దబ్బున వదిలారు కూడాను. అయినా చక్రం గెంతలేదు. భుజంగరావు పోటీకి ఛాయ పేరే ఖాయం చేశాడు.

ఇక పిల్లని రమ్మనకండి. కోపం తగ్గాక జవాబు రాయండి. తగ్గకపోతే ఇంకా తొందరగా రాయండి, వాదించుకోవచ్చు.

మీ బావమరిది,
గురుమూర్తి

తా.క. రెండోసారి నడిపిందెవరో మీకు రాయవద్దని ఒట్టు వెయ్యమన్నారు. నేను నాస్తికుణ్ణి, ఒట్లు వెయ్యనని తప్పించుకున్నాను. ఆ హెల్మెట్టు లోపల ఉన్నది సూర్యావతి. తిరుగు ప్రయాణం ఇన్నాళ్ళు ఎందుకు వాయిదా పడిందో ఇప్పుడు అర్థమయిందా? రోజూ పొద్దున్నే కూతురి దగ్గర డ్రైవింగు పాఠాలు. గురువారం బయల్దేరుతోంది, ఒక్కతే. మీ షెడ్డులో గోనెపట్టా కప్పి ఉంచిన కారుని స్టేషనుకి తీసుకు రమ్మంది. ఇంటికి తనే నడుపుతుందట. మీరు పక్కన కూర్చుంటే చాలునట.